ఫిట్స్ బిళ్ళలు వాడే పద్ధతి: కొనే దగ్గర్నుంచి ఆపే దాకా

"అన్నా, ఆ ఫిట్స్ బిళ్ళలు ఒక షీటు ఇవ్వు."

కావలిలో మా మందుల షాపు కౌంటరు దగ్గర వారానికి నాలుగైదు సార్లయినా ఈ మాట వింటాను. ఏ బిళ్ళ అని అడిగితే "తెల్లది, పొడుగ్గా ఉంటది" అంటారు. చీటీ ఏదంటే ఇంట్లో ఉందంటారు. ఫిట్స్‌కి వాడే మందులు మా అలమరలోనే ఒక అర నిండా ఉన్నాయి. వాటిలో సగం తెల్లవే, పొడుగాటివే.

ఇన్నేళ్ళుగా కౌంటరు వెనక నిలబడి చూసినదాన్ని బట్టి ఒక సంగతి చెప్పగలను. మంచి డాక్టరుకే చూపించుకుని, సరైన మందే రాయించుకుని, అయినా మళ్ళీ ఫిట్స్ తెచ్చుకున్నవాళ్ళని కదిపితే ఎక్కడో ఒక చోట మందు తెగి ఉంటుంది. షీటు అయిపోయిందనో, ఊరెళ్ళామనో, ఉపవాసమనో, బాగానే ఉంది కదా అనో. సరిగ్గా వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ 70 మందిలో ఉండాలంటే ఇంట్లో ఏమేం చేయాలో వరసగా చెబుతాను. ఎంత డోసు, ఏ మందు అనేది మీ డాక్టరు తేల్చాల్సిన విషయం, అందులో నేను వేలు పెట్టను.

చీటీ చేతికొచ్చిన రోజు

డాక్టరు గదిలోంచి లేచే ముందే నాలుగు సంగతులు అడగండి. మందు అసలు పేరేమిటి? ఎన్ని మిల్లీగ్రాములు, అంటే మనం అనేది ఎంత పవర్? మామూలు బిళ్ళా, నిదానంగా కరిగే రకమా? ఒక పూట మర్చిపోతే ఏం చేయాలి? చివరి ప్రశ్న అడిగేవాళ్ళు చాలా తక్కువ. ఎప్పుడో ఒకప్పుడు అవసరపడేది మాత్రం అందరికీ.

అసలు పేరు ఎందుకంటే, కంపెనీ పెట్టిన పేరు వేరు, లోపలున్న మందు వేరు. ఎప్టాయిన్ అంటే ఫెనిటోయిన్. వాల్పారిన్, ఎన్‌కోరేట్ రెండూ సోడియం వాల్ప్రోయేట్. లెవిపిల్‌లో ఉండేది లెవెటిరాసిటామ్. టెగ్రిటాల్‌లో కార్బమజెపైన్, గార్డినాల్‌లో ఫినోబార్బిటోన్, ఫ్రిజియంలో క్లోబజామ్. ఇవి తెలియక వాల్పారిన్ వాడుతూనే, ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు రాసిన ఎన్‌కోరేట్ కూడా వేసుకున్న మనిషిని చూశాను. రెండు పేర్లు కదా, రెండు మందులనుకున్నాడు పాపం. వచ్చి కౌంటరు మీద తల వాల్చాడు, అంత మత్తు.

డాక్టరుకి మీరు చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. లివరు, కిడ్నీ జబ్బులు, వాడుతున్న షుగరు, బీపీ, టీబీ మందులు, ఇంతకు ముందు ఏ బిళ్ళకైనా ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయా అన్నది. ఆడవాళ్ళయితే పెళ్ళి, కాన్పు ఆలోచనలు కూడా. సిగ్గుపడి దాచే విషయం కాదిది, ఎందుకో కింద చెబుతాను.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. మొదటి పేజీలో మందు పేరు, పవర్, వేళలు, డాక్టరు ఫోను నంబరు. తర్వాతి పేజీల్లో ఫిట్ వచ్చిన తేదీ, టైము, ఎన్ని నిమిషాలుంది, ముందు రోజు నిద్ర ఎట్టా ఉంది, బిళ్ళ తప్పిందా. చీటీని ఫోనులో ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనుకి కూడా పంపండి. ఆ ఫోటో చూపిస్తే చాలు, తెల్లదా పొడుగుదా అనే పంచాయితీ ఉండదు.

కొనేటప్పుడు

ముందు లెక్క చూసుకోండి. కొన్ని షీట్లలో 10 బిళ్ళలుంటాయి, కొన్నిట్లో 15. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అయితే నెలకి 60 కావాలి. అంటే పది బిళ్ళల షీట్లు ఆరు. ఉదయగిరి వైపు నుంచి బస్సులో వచ్చే ఒకాయన ప్రతిసారీ మూడు షీట్లు తీసుకుని "నెలకి సరిపోతాయిలే" అని వెళ్ళేవాడు. మూడు నెలలు గమనించాక అడిగాను, రోజుకి ఎన్ని వేస్తున్నావు పెద్దాయనా అని. "రెండంట గానీ, ఒకటి చాల్లే అనిపించింది" అన్నాడు. ఆయన కూతురుకి ఫోను చేసి మాట్లాడాల్సి వచ్చింది.

ఇంట్లో పది రోజుల నిల్వ ఎప్పుడూ ఉండాలి. రోజుకి రెండు వేసేవాళ్ళయితే ఇరవై బిళ్ళలు మిగిలినప్పుడే షాపుకి బయల్దేరండి. 2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర పట్టాల మీదికి నీళ్ళొచ్చి రైళ్ళు ఆగాయి, హైవే తెగింది. అలాంటి రోజుల్లో మా దాకా సరుకు రాదు, మా దాకా మీరూ రాలేరు. తుఫాను కాలం ఏటా వచ్చేదే కాబట్టి అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో ఒక షీటు ఎక్కువే పెట్టుకోమంటాను. అమ్ముకోవడానికి చెప్పే మాట అనుకుంటే అనుకోండి.

షీటు చేతిలోకి తీసుకున్నాక మూడు చూడండి. అసలు మందు పేరు, పవర్, పేరు చివర ఉండే అక్షరాలు. ఆ అక్షరాల దగ్గరే నేను ఒకసారి దెబ్బతిన్నాను. సీఆర్, ఈఆర్, క్రోనో అని ఉంటే ఆ బిళ్ళ కడుపులో కొద్దికొద్దిగా మందు వదులుతూ చాలా గంటలు పనిచేస్తుంది. మామూలు రకం తొందరగా పనిచేసి తొందరగా తగ్గుతుంది. షాపు పెట్టిన కొత్తలో ఒకతనికి వాల్ప్రోయేట్ 500 సీఆర్ కావాలి, నా దగ్గర లేదు. అదే కంపెనీ, అదే 500, మామూలు రకం ఉంటే ఇచ్చేశాను. అతను ఎప్పటిలాగే రాత్రికి ఒకటే వేసుకున్నాడు. మూడో రోజు సాయంత్రం దిగువ వీధిలో టీ తాగుతూ పడిపోయాడు. మర్నాడు అతని భార్య వచ్చి పాత ఖాళీ షీటు, నేనిచ్చిన షీటు పక్కపక్కన కౌంటరు మీద పెట్టింది. ఒక్క మాటా అనలేదు. సీఆర్ అనే రెండక్షరాలే తేడా. అప్పట్నుంచి ఫిట్స్ మందు చీటీలో ఉన్నది ఉన్నట్టు దొరక్కపోతే "లేదు, పక్క షాపులో చూడండి" అనే అంటాను. మీ షాపతను "అదే మందు, తీసుకో" అంటే, తీసుకునే ముందు డాక్టరుకి ఒక ఫోను కొట్టండి.

కంపెనీ మారడం గురించి కూడా ఇదే మాట. జన ఔషధి షాపుల్లో ఇవే మందులు బాగా చవగ్గా వస్తాయి. నెల నెలా కొనాల్సినవాళ్ళు వాటిని వాడితే తప్పేమీ లేదు. నెల్లూరు పెద్దాసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో చూపించుకునేవాళ్ళు అక్కడి మందుల కిటికీలో తమ బిళ్ళ దొరుకుతుందేమో ముందుగా అడగొచ్చు. కాకపోతే మారేటప్పుడు డాక్టరుకి చెప్పి మారండి, మారాక దాని మీదే ఉండండి. ఈ నెల ఒక కంపెనీ, వచ్చే నెల ఇంకోటి అని తిప్పొద్దు. ముఖ్యంగా ఫెనిటోయిన్, కార్బమజెపైన్ విషయంలో చిన్న తేడా కూడా ఒంట్లో పెద్దగా కనిపిస్తుంది.

హార్లిక్స్ సీసా సంగతి

తుమ్మలపెంట నుంచి వచ్చే ఒకామె ఓ రోజు హార్లిక్స్ సీసా తెచ్చి మూత తీసి చూపించింది. "ఇవేంది అన్నా, బెల్లంలాగా అంటుకుపోయినయ్?" లోపల వాల్ప్రోయేట్ బిళ్ళలు. భర్తకి కళ్ళు సరిగా కనపడవని, రేకులోంచి తీసుకోవడం కష్టమని, నెలకి సరిపడా బిళ్ళలన్నీ ఒకేసారి ఒలిచి సీసాలో పోసి పెట్టింది. మంచి ఉద్దేశమే. కానీ ఆ బిళ్ళ గాలిలో తేమని పీల్చుకుంటుంది. సముద్రం పక్క ఊరు, వానాకాలం, ఇక చెప్పేదేముంది. ఉబ్బి, పైపూత కరిగి, ఒకదానికొకటి అతుక్కున్నాయి. అన్నీ పారబోయమన్నాను.

కార్బమజెపైన్ ఇంకా మోసం చేస్తుంది. తేమ తగిలితే దాని బలం మూడో వంతు దాకా పోవచ్చు, చూడ్డానికి మాత్రం బిళ్ళ బిళ్ళలాగే ఉంటుంది. అందుకని వేసుకునే నిమిషం దాకా బిళ్ళ రేకులోనే ఉండాలి. స్నానాల గదిలో, పొయ్యి పైన అరలో, బండి డిక్కీలో పెట్టొద్దు. పడకగది బీరువా మంచిది. ఫ్రిజ్‌లో పెట్టమని ప్రత్యేకంగా చెబితే తప్ప అక్కర్లేదు.

వారం రోజుల గడుల డబ్బాలు దొరుకుతాయి కదా, అవి మంచివే. అయితే బిళ్ళ ఒలిచి వేయకండి. కత్తెరతో షీటుని బిళ్ళకొక ముక్కగా, రేకుతో సహా కత్తిరించి గడుల్లో పెట్టండి. తుమ్మలపెంట ఆమె ఇప్పుడు అదే చేస్తోంది. భర్తకి ఇచ్చేటప్పుడు మాత్రం తనే విప్పి చేతిలో పెడుతుంది. రేకు ముక్కతో సహా మింగితే గొంతు కోసుకుపోతుంది, కంటిచూపు లేనివాళ్ళ దగ్గర ఆ జాగ్రత్త తప్పనిసరి.

పిల్లలకి సిరప్ అయితే సీసాని బాగా గిలకొట్టాలి. ఫెనిటోయిన్ సిరప్‌లో మందు అడుక్కి దిగుతుంది. గిలకొట్టకుండా పోస్తే మొదటి పదిరోజులు నీళ్ళలాంటిది, ఆఖరి పదిరోజులు చిక్కటి మందు పోతుంది బిడ్డకి. ముందు ఫిట్స్ తగ్గవు, తర్వాత తూలుతుంది. కొలవడానికి సీసాతో ఇచ్చిన మూత గానీ, సూది లేని సిరంజీ గానీ వాడండి. ఇంట్లో చెంచాలు ఏ రెండూ ఒక కొలతవి కావు.

వేళ తప్పకుండా

ఏ బిళ్ళైనా రోజూ చేసే ఏదో పనికి ముడిపెట్టండి. పొద్దున కాఫీ, రాత్రి అన్నం తిన్నాక చేయి కడిగే వేళ. దానికి తోడు ఫోనులో అలారం. రోజుకి రెండు సార్లన్నారంటే పన్నెండు గంటల తేడా ఉండాలని అర్థం. పొద్దున పదింటికి ఒకటి, సాయంత్రం ఆరింటికి ఇంకొకటి వేస్తే రాత్రంతా ఖాళీ. తెల్లారుజామున వచ్చే ఫిట్స్ చాలావాటికి ఆ ఖాళీయే దారి ఇస్తుంది.

సీఆర్ రకాన్ని నూరొద్దు, నమలొద్దు. మధ్యలో గీత ఉన్నా డాక్టరు చెబితేనే సగం చేయండి. కడుపులో వికారంగా ఉంటే తిన్నాక వేసుకోండి.

మర్చిపోతే? గుర్తొచ్చిన వెంటనే వేసుకోవడం మామూలు పద్ధతి. తర్వాతి పూట దగ్గరికొచ్చేసి ఉంటే తప్పిన దాన్ని వదిలేసి ఆ పూటది వేసుకోవాలి. రెండూ కలిపి ఒకేసారి మింగొద్దు. వరసగా రెండు పూటలు తప్పితే డాక్టరుకి ఫోను చేయండి, ఆ రోజు బండి నడపొద్దు, ఒంటరిగా ఉండొద్దు. బిళ్ళ వేసుకున్న కాసేపటికే వాంతయితే ఏం చేయాలో మీ మందుని బట్టి ఉంటుంది, మొదటి రోజే అడిగి నోటుబుక్కులో రాసుకోండి. వాంతులు, విరేచనాలు రోజంతా ఉంటే ఇంట్లో కూర్చోవద్దు, ఆసుపత్రిలో సూది ద్వారా మందు ఎక్కించాల్సి రావచ్చు.

మొదటి రెండు నెలలు

మత్తుగా ఉండటం, కాస్త తల తిరగడం చాలామందికి ఉంటుంది, రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. "ఈ బిళ్ళేసుకుంటే ఒకటే నిద్ర" అని మానేసేవాళ్ళు సరిగ్గా ఈ మొదటి వారాల్లోనే మానేస్తారు. మానే ముందు డాక్టరుకి చెబితే డోసు సర్దుతారు, లేదా వేళ మారుస్తారు.

తగ్గేదాకా చూద్దామనుకోకూడని గుర్తులు వేరే ఉన్నాయి. కార్బమజెపైన్, ఫెనిటోయిన్, లామోట్రిజిన్ మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు, దానితో పాటు జ్వరం, నోట్లో పుండ్లు, కళ్ళు ఎర్రబడటం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. వేడి చేసిందని మజ్జిగ తాగి పడుకోవడం, అమ్మవారు పోసిందని వేపాకు కట్టుకోవడం వల్ల రోజులు గడిచి చర్మం ఊడే దాకా వెళ్ళవచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. వాల్ప్రోయేట్ వాడేవాళ్ళకి కళ్ళు పచ్చబడటం, ఆగని వాంతులు, కడుపులో గట్టి నొప్పి, అంతుపట్టని మగత వస్తే లివరు, క్లోమం దెబ్బతింటున్నాయేమో చూడాలి. లెవెటిరాసిటామ్ కొందరిలో కోపం తెప్పిస్తుంది. మెత్తటి మనిషి ఉన్నట్టుండి ఇంట్లో గిన్నెలు విసిరితే బుద్ధి మారిందని తిట్టకండి, బిళ్ళ గురించి అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందని ఒక్కసారన్నా నోట వస్తే ఆ మాట అలా వదిలేయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

ఫెనిటోయిన్ గురించి ఇంకో నాలుగు ముక్కలు చెప్పాలి. మిగతా మందుల లెక్క దీనికి పనికిరాదు. రోజు మోతాదు 300 మిల్లీగ్రాముల నుంచి 400కి పెంచితే రక్తంలో మూడో వంతే పెరుగుతుందనుకుంటాం. కానీ ఒక మోతాదు దాటాక లివరు దాన్ని అరగదీయలేక చేతులెత్తేస్తుంది, రక్తంలో మందు రెట్టింపు కూడా కావచ్చు. అప్పుడు మనిషి తూలుతాడు, మాట ముద్దగా వస్తుంది, కళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటాయి. మా వీధిలో ఒకతను ఇట్లా నడుస్తుంటే పగలే తాగాడని అందరూ తీర్మానించేశారు. రక్తపరీక్ష చేస్తే మందు మట్టం మిల్లీలీటరుకి 20 మైక్రోగ్రాములు దాటి ఉంది. 10 నుంచి 20 మధ్య ఉండాలి. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి చిగుళ్ళు పళ్ళ మీదికి పెరుగుతాయి. రోజుకి రెండుసార్లు పళ్ళు తోముకోవడం, ఆర్నెల్లకోసారి పళ్ళ డాక్టరుకి చూపించుకోవడం మంచిది.

పక్కనుంచి వచ్చే మందులు

జ్వరమొచ్చినా, నడుం నొప్పొచ్చినా, ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళినా మొదటి మాటగా "నేను ఫిట్స్ బిళ్ళలు వాడుతున్నా" అనండి. నొప్పులకిచ్చే ట్రమడాల్ ఫిట్స్‌ని రెచ్చగొడుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్స్ కూడా కొందరికి అంతే. క్లారిత్రోమైసిన్ కార్బమజెపైన్ మట్టాన్ని పెంచేస్తుంది. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్ ఫెనిటోయిన్‌ని పెంచితే, రిఫాంపిసిన్ దించుతుంది. గ్యాసుకి తాగే గులాబీ రంగు మందు, ఫెనిటోయిన్ ఒకేసారి వద్దు, రెండు గంటలు ఎడం ఉంచండి. జ్వరానికి పారాసిటమాల్ మామూలు మోతాదులో వాడుకోవచ్చు.

ఫిట్స్‌కి మూలికల పొడి అమ్మేవాళ్ళు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తిరునాళ్ళకొకరు కనిపిస్తారు. "ఇంగ్లీషు మందు మానేసి ఇది వాడు" అంటారు. నిజంగానే కొందరికి తగ్గుతుంది కూడా. దేశంలో ఇలాంటి పొడుల్ని పరీక్షించినప్పుడు లోపల ఫినోబార్బిటోన్ లాంటి ఇంగ్లీషు మందే కలిపి ఉన్నట్టు బయటపడిన సందర్భాలున్నాయి. ఎంత కలిపారో కలిపినవాడికే తెలియదు. పొడి అయిపోయిన వారానికి ఫిట్స్ ఆగకుండా వస్తే అర్థం చేసుకోవాల్సింది అదే. తాయెత్తు కట్టించుకోవాలంటే కట్టించుకోండి, దానికీ బిళ్ళకీ గొడవ లేదు.

ఆడపిల్లల తల్లిదండ్రులకి

ఈ భాగం అమ్మలే కాదు, నాన్నలూ చదవాలి.

వాల్ప్రోయేట్ మంచి మందే. కానీ అది వాడుతుండగా గర్భం వస్తే నూరుమంది పిల్లల్లో సుమారు పదిమందికి వెన్ను, గుండె, పెదవి లాంటి చోట్ల పుట్టుకతో లోపాలు వస్తున్నాయి. మామూలుగా అయితే ఇద్దరు ముగ్గురికే. నూటికి 30 నుంచి 40 మంది పిల్లలకి మాట, చదువు, ఎదుగుదల వెనకబడే ప్రమాదం కూడా ఉంది. బిడ్డ వెన్ను తయారయ్యేది మొదటి నాలుగు వారాల్లో, అంటే నెల తప్పిందని తెలిసే సరికే ఆ పని అయిపోయి ఉంటుంది. అందుకే అమ్మాయికి సంబంధాలు చూడటం మొదలుపెట్టినప్పుడే డాక్టరుని కలిసి మందు మార్చవచ్చేమో అడగాలి. ఫోలిక్ యాసిడ్ కూడా అప్పుడే మొదలుపెడతారు. ఇది చదివి భయపడి మాత్రం ఈ పూటే బిళ్ళ ఆపేయకండి, గర్భంతో ఉన్నా సరే. పెద్ద ఫిట్ వచ్చి పడితే తల్లికీ, కడుపులో బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం.

కార్బమజెపైన్, ఫెనిటోయిన్, ఫినోబార్బిటోన్ వాడుతుంటే గర్భం రాకుండా వేసుకునే బిళ్ళలు సరిగా పనిచేయవు. వేరే పద్ధతి అడగండి.

అసలు గొడవ పెళ్ళి తర్వాత మొదలవుతుంది. అత్తగారింట్లో చెప్పకుండా పెళ్ళి చేస్తారు. ఆ పిల్ల బిళ్ళల్ని పౌడరు డబ్బాలో, హ్యాండ్‌బ్యాగు అడుగున దాచుకుంటుంది. అందరూ పడుకున్నాక వేసుకుందామనుకుంటే ఒక రోజు కుదురుతుంది, ఒక రోజు కుదరదు. బంధువులొస్తారు, నిద్ర ఉండదు. నెల తిరక్కుండానే పడిపోతుంది, అప్పుడు అందరికీ తెలుస్తుంది. హిందూ వివాహ చట్టంలో మూర్ఛని అడ్డంకిగా చూపే మాటని 1999లోనే తీసేశారు. చట్టం ఒప్పుకున్నదాన్ని మనం దాచి పిల్ల ప్రాణం మీదికి తేవడం నాకు నచ్చదు. పెళ్ళికి ముందు ఒకసారి రెండు వైపుల పెద్దలూ డాక్టరు దగ్గర కూర్చుంటే సగం భయాలు అక్కడే పోతాయి.

పండగలు, పనులు

శివరాత్రి జాగారం ఫిట్స్ ఉన్నవాళ్ళకి పనికిరాదు. నిద్ర తక్కువైతే బిళ్ళ వేసుకున్నా ఫిట్ రావచ్చు. రంజాన్ ఉపవాసాలుండేవాళ్ళు నెల ముందే డాక్టరుని అడిగితే సహరీ, ఇఫ్తార్ వేళలకి సరిపోయేలా డోసు మార్చగలరేమో చూస్తారు. దీక్షలో ఉన్నా, ఒక్కపొద్దున్నా బిళ్ళకి ఉపవాసం లేదు, గుక్కెడు నీళ్ళతో వేసుకోండి. నెల్లూరు రొట్టెల పండగకో, తిరపతికో వెళ్ళేటప్పుడు బిళ్ళల్ని రెండు చోట్ల పెట్టండి, సగం జేబులో, సగం ఇంట్లోవాళ్ళ సంచీలో. మద్యం తాగడం గురించి ఒక్కటే: తాగిన రాత్రి కంటే దిగిన మర్నాడు ఎక్కువ ప్రమాదం, పైగా ఆ రాత్రి బిళ్ళ ఎలాగూ మర్చిపోతారు.

ఫిట్స్ పూర్తిగా అదుపులోకొచ్చే దాకా రొయ్యల గుంట గట్టు మీద రాత్రి కాపలా, పొగాకు బ్యారన్‌లో పైకెక్కి కర్రలు అందించే పని, కాలవలో ఈత, బావి దగ్గర మోటారు పని వద్దు. స్నానాల గది తలుపుకి గడియ పెట్టుకోకండి. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో మూర్ఛ ఉందా అని అడుగుతారు, అక్కడ అబద్ధం రాయొద్దు.

అన్నీ చేసినా ఫిట్ వస్తే

గడియారం చూడండి. పక్కకి ఒత్తిగిలించండి, తల కింద కండువా మడిచి పెట్టండి, మెడ దగ్గర గుండీ విప్పండి. చేతిలో తాళాలు పెట్టడం, చెప్పు వాసన చూపించడం, పళ్ళ మధ్య గరిటె పెట్టడం, కాళ్ళూ చేతులూ గట్టిగా అదిమి పట్టడం వద్దు. తాళాలు పెట్టాక ఆగిందంటారు చాలామంది. పెట్టకపోయినా రెండు మూడు నిమిషాల్లో దానంతటదే ఆగేది. పూర్తిగా తెలివొచ్చే దాకా నోట్లో నీళ్ళు గానీ, తప్పిపోయిన బిళ్ళ గానీ వేయొద్దు.

ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోది వచ్చినా, నీళ్ళలో పడినా, తలకి దెబ్బ తగిలినా, గర్భిణి అయినా, జీవితంలో ఇదే మొదటిదైనా 108కి ఫోను చేయండి. ముక్కులో కొట్టే మిడజొలామ్ స్ప్రే డాక్టరు రాసిచ్చి ఉంటే, ఎన్ని సార్లు కొట్టాలో నోటుబుక్కు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. అంతకు మించి కొట్టొద్దు, ఊపిరి మందగిస్తుంది. ఆ సమయంలో చేతులు వణుకుతాయి, చిన్న అక్షరాలు కనపడవు.

ఆపడం గురించి

రాజుపాళెం వైపు రొయ్యల గుంటలు చూసుకునే ఒకతనికి ఏడాదిన్నరగా ఫిట్ రాలేదు. "ఇంకెందుకు అన్నా, బాగయింది గదా, మానేస్తా" అన్నాడు. నేను అడిగాను, రొయ్యలు బాగున్నాయి కదా అని రాత్రిపూట నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆపేస్తావా అని. "ఆపితే తెల్లారేసరికి తేలిపోవూ!" అన్నాడు. అనేసి నవ్వాడు, నవ్వి రెండు షీట్లు తీసుకున్నాడు.

మామూలుగా కనీసం రెండేళ్ళు ఒక్క ఫిట్ కూడా లేకుండా గడిచాకే డాక్టర్లు ఆపే ఆలోచన చేస్తారు. అదీ అందరికీ కాదు. కొన్ని రకాల మూర్ఛలకి జీవితాంతం వాడాలి. మెదడులో పురుగు గడ్డ వల్ల ఫిట్స్ వచ్చినవాళ్ళకి స్కానులో గడ్డ పూర్తిగా పోతే ఇంకా ముందే ఆపవచ్చేమో డాక్టరు చూస్తారు. ఆపడమంటే కొన్ని నెలల పాటు మెట్టు మెట్టుగా తగ్గించడం. గార్డినాల్, క్లోబజామ్ లాంటివి ఒక్కసారిగా మానేస్తే ఆ మానడమే ఆగని ఫిట్స్ తెప్పిస్తుంది.

ఏ వారానికి ఎంత తగ్గించాలో డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి, నోటితో చెబితే మూడో వారానికి తేడా వస్తుంది. తగ్గించే నెలల్లోనూ, ఆపాక కొన్ని నెలలూ నిద్ర చెడగొట్టుకోకూడదు, బండి తోలకూడదు, గట్టు మీద ఒంటరిగా పడుకోకూడదు. ఆ గుంటలతనికి రెండున్నరేళ్ళు నిండాక మొన్న చవితి నుంచి తగ్గించడం మొదలుపెట్టారు. బండి తాళం కొడుక్కిచ్చేశాడు. ఇప్పుడు గుంటల దగ్గరికి కొడుకు వెనక కూర్చుని పోతున్నాడు.